కల్లా లిల్లీల పులుసు

మేబెల్ టీచర్ గురించి చెప్పాలంటే ముందు ఆమె తమ్ముడి ఉమ్మి గురించి చెప్పాలి. తలుచుకోవడం నాకిష్టం లేదు, అయినా తప్పదు. పద్మారావు నగర్‌లో మా ఎదురు ఫ్లాటు వాళ్లది. ఆ తమ్ముడు సామ్యూల్ ఉద్యోగం వదిలేసి ఏళ్లయింది. పొద్దస్తమానం బాల్కనీలో కుర్చీ వేసుకుని జర్దా కిళ్లీ నములుతూ, చేతికందిన పూలకుండీలో ఉమ్ముతుంటాడు. అక్క జీతం మీద తింటూ అక్క కుండీల్లోనే ఉమ్మడం! టీచర్ మాత్రం బడి నుంచి రాగానే పాత చెంచాతో ఆ ఉమ్మి పడి ఎర్రబడ్డ మట్టి గీకి పారేస్తుంది.

ఉండబట్టలేక ఒకసారి నేనే అడిగాను. "గిట్ల ఉమ్ముతవేందన్నా? మొక్కలు గావా అవి?"

"వాసన లేని పూలకు ఇంత రాద్ధాంతం ఎందుకు వసుధమ్మా," అన్నాడు పళ్లికిలిస్తూ. ఆ పళ్లు చూశాక నాకు ఆ పూట అన్నం సయించలేదు.

అవి తెల్ల కల్లా లిల్లీలు. ఒకే రేకు గరాటులా చుట్టుకుని, నడుమ పసుపు కాడతో ఉంటాయి. వాళ్లమ్మ దేవకృపమ్మ నాటిన మొక్క పిలకలు అవన్నీ. ఆమె పోయినప్పటి నుంచి ప్రతి ఈస్టరుకూ టీచర్ ఆ పూలు చర్చిలో బల్ల మీద పెడుతుంది. పాస్టరు అయ్యగారు ఆ పూలు ఎవరి జ్ఞాపకార్థమో వాళ్ల పేరు చదువుతారు, పూలిచ్చిన కుటుంబం లేచి నిలబడుతుంది. వాళ్ల ఆచారం అది. మన సికింద్రాబాద్ ఎండల్లో ఈస్టరు దాకా ఆ పూలు నిలపడమంటే మాటలా? పొద్దుటి ఎండ మాత్రమే తగిలేలా కుండీలు జరుపుతూ, చుట్టూ తడిగోనెలు కడుతూ, మట్టిలో వేలుపెట్టి చూసి గానీ నీళ్లు పోయదు. నీళ్లెక్కువైతే దుంప కుళ్లుతుంది. ఆ కంపు పగవాడికి కూడా వద్దు.

పూలు అయిపోయి ఆకులు పండాక నీళ్లు ఆపేసి, దుంపలు తవ్వి ఆరబెట్టి, వానలు తగ్గేదాకా దాచాలి. నిరుడు మే నెలలో టీచర్ అలాగే తవ్వి, వెదురుబుట్టలో వేసి వంటింటి గట్టు కింద పెట్టింది. ఇంట్లో చల్లటి చోటు అదొక్కటే. తర్వాత పిల్లలకు వేసవి బైబిలు తరగతులు చెప్పడానికి అల్వాల్ వెళ్లింది.

ఆ మధ్యాహ్నం వాళ్లింట్లోంచి గావుకేక వినిపించింది. పరుగెత్తుకెళ్లాను. సామ్యూల్ నేలమీద కూలబడి ఉన్నాడు. పెదాలు వాచిపోయాయి, నాలుక బయటికి వేలాడుతోంది, చొంగ బనీను మీదుగా పొట్ట మీదికి కారుతోంది. పొయ్యి మీద గిన్నెడు పులుసు. గట్టు కింద బుట్ట ఖాళీ. చామదుంపలనుకుని అన్నీ ఉడకబెట్టి, తొక్కతీసి, చింతపండు పిసికి పులుసు పెట్టుకున్నాడు. బెల్లం కూడా వేశాడు మహానుభావుడు! ఏళ్లతరబడి ఉమ్మినవాడికి ఆ మొక్క కింద ఏముంటుందో తెలియదు. తిట్టుకుంటూనే ఆటోలో పడేసి ఆస్పత్రికి తీసుకెళ్లాను. దారిలో నా చీర కొంగు మీదే కక్కాడు.

కబురందుకుని ఆస్పత్రికొచ్చిన టీచర్, ప్రాణభయం లేదని డాక్టరు చెప్పాక నాతో ఇంటికొచ్చింది. తిన్నగా వంటింట్లోకి వెళ్లి ఆ జిగట పులుసులో చేతులు పెట్టింది.

"వద్దు టీచర్, చేతులకు సుత దురద లేస్తది," అన్నాను.

వినలేదు. ఒక్కో దుంపా తీసి కుళాయి కింద కడిగి, ఎక్కడైనా ఒక్క మొలక పచ్చిగా మిగిలిందేమోనని గోటితో నొక్కి చూసింది. అన్నీ వేళ్ల మధ్య ముద్దయిపోయాయి. "అమ్మ మొక్క ఇంకెక్కడా లేదు వసుధా," అంది. ఆమె మోచేతుల దాకా దద్దుర్లు తేలాయి. నాకు ఏడుపుకంటే అసహ్యమే ఎక్కువ వచ్చింది.

సామ్యూల్‌కు మాట తిరిగి రాగానే, అక్క వంటింట్లో విషం దాచిందని ఊరంతా చెప్పుకున్నాడు. బంధువులు వచ్చి, తమ్ముడు ముఖ్యమా మొక్కలు ముఖ్యమా అని ఆమెకే బుద్ధి చెప్పారు. ఆమె వాళ్లకు టీ పెట్టి ఇచ్చింది. నేనైతే ఆ టీ వాళ్ల నెత్తిన పోసేదాన్ని.

ఈ ఏడు ఈస్టరుకు టీచర్ ఉత్తచేతులతో చర్చికి బయలుదేరింది. తోడు రమ్మంటే వెళ్లాను. బల్ల మీద పెద్ద బొకే ఉంది. కల్లా లిల్లీలే, కానీ బంగారు రంగు స్ప్రే కొట్టి, పైన మెరుపులు చల్లారు. పెయింటు కంపు మా వరుస దాకా కొడుతోంది. ఛీ, పువ్వుకు రంగు పూయాలనే బుద్ధి ఎవరికి పుడుతుందో అనుకుంటుండగానే అయ్యగారు చదివారు: "కీర్తిశేషులు దేవకృపమ్మ గారి జ్ఞాపకార్థం, కుమారుడు సామ్యూల్."

మా పక్క వరుసలోంచి కొత్త సూటులో సామ్యూల్ లేచి నిలబడి, అందరి వైపూ చూసి తల పంకించాడు. టీచర్ కదల్లేదు.

"అక్కా, లే. అందరూ చూస్తున్నారు," అని గొణిగాడు.

అయ్యగారు తర్వాతి పేరు చదవకుండా ఆగారు. టీచర్ కూర్చున్నచోటు నుంచే, తరగతిలో వెనక బెంచీకి వినబడే గొంతుతో అంది:

"మా అమ్మ పేరు తీసెయ్యండి అయ్యగారూ. ఆ పూలు ఆమెవి కావు. ఆమెవి వీడు తినేశాడు."