తిరుగు ఈల

మార్టూరులో బస్సెక్కి నా పక్కన కూర్చున్న పెద్దాయన నా లాప్‌టాప్‌లోకి తొంగిచూస్తూనే ఉన్నాడు. పాస్‌వర్డ్ కోసమేమోనని అనుమానమొచ్చి తెర నావైపు తిప్పుకున్నాను.

"ఏం పని బాబూ?"

"ఆసుపత్రి సర్వర్ నుంచి బ్లడ్ బ్యాంకు సర్వర్‌కి మెసేజ్‌లు పంపే ఏర్పాటండి," అన్నాను ముక్తసరిగా.

"అందిందని అటునుంచి జవాబొస్తుందా?"

ఇతనికెందుకు ఇవన్నీ అనిపించింది. "పంపితే చేరుతుందండి."

"క్వారీలో మందు పేల్చేముందు ఈల వేసేవాణ్ణి. తప్పుకున్నానని కింద గుంతలో ఉన్నవాడి తిరుగు ఈల వినపడితేనే పేల్చాలి. ఓరోజు వినపడలేదు. తప్పుకునే ఉంటాడులే అనుకున్నాను."

కిందివాడు ఏమయ్యాడని నేను అడగలేకపోయాను.

జవాబొచ్చేదాకా మెసేజ్ మళ్ళీ మళ్ళీ వెళ్ళేలా, రెండుసార్లు అందినా ఒకటిగానే తీసుకునేలా ప్రోగ్రామ్‌ని అప్పుడే మార్చాను. చిలకలూరిపేటలో ఆయన దిగిపోయాడు.

పంపేశామని ఎవరన్నా చెబితే ఇప్పటికీ నాకు నమ్మబుద్ధి కాదు.