చంద్రభాగక్క పాడిన వెండి రూపాయి

పోయిన వానాకాలం కన్నుమూసిన మా చంద్రభాగక్క నాందేడ్‌లో జాకెట్లు కుట్టి బతికింది. నిజాం కాలపు నాణేలంటే ఆమెకు ప్రాణం. చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయి ఒక్కటే ఆమె దగ్గర లేదు. 2006లో అది ఇంటర్నెట్ వేలంలో కనబడింది. ఊళ్లోనే వజీరాబాద్ పేటలో ఉన్న నెట్ కేఫ్‌లో నేను మీటలు నొక్కుతుంటే అక్క ధర చెప్పేది. ఎంత చెప్పినా మరుక్షణమే ఎవరో ఒకతను ఇంకాస్త పెంచేవాడు. చివరికి పాట అతనికే పోయింది.

వారం తిరిగేసరికి అదే రూపాయి, అంచున అదే నొక్కుతో, మళ్లీ అమ్మకానికి వచ్చింది.

“గెల్చినోడు తీస్కపోలేదేంది తమ్మీ? అమ్మేటోడే ఇంకో పేరు పెట్టుకొని మన మీద పాడుతుండు. మిర్చి పాటల గూడ గిట్లనే సొంత మనిషిని నిలవెట్టి పెంచుతరు,” అంది అక్క.

“అయితే ఇడిసిపెట్టక్కా.”

“ఎందుకు ఇడుస్తరా? నేను పాడితెనే గదా ఆడు పెంచేది. ఈసారి ఆఖరు దాంక సప్పుడు చెయ్యను.”

గడువు ముగిసే నిమిషంలో తన ధర వేయించింది. పెంచడానికి అతనికి వ్యవధి దొరకలేదు.

రూపాయి పోస్టులో వచ్చిన రోజే నన్ను మళ్లీ నెట్ కేఫ్‌కు లాక్కెళ్లి, వేలం నడిపేవాళ్లకు ఫిర్యాదు రాయమంది.

“రూపాయి చేతికచ్చె గదక్కా. ఇంక లొల్లెందుకు?”

“నాకచ్చింది. ఇంకోడు మునుగుతడు. గంటకు పైసలు నేను కడుతున్న, నీదేం పోతుంది? రాయి.”

ఫిర్యాదు వెళ్లినట్టు తెర మీద కనబడేదాకా అక్క కుర్చీలోంచి లేవలేదు.