బ్రేకమ్మ కొత్త బట్టలు

ఆమె డ్రైవింగ్ స్కూల్లో టీచరు. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, తన వైపు బిగించిన రెండో బ్రేకు మీద పాదం ఆనించి, పొద్దుటినించి సాయంత్రం దాకా ఊరంతా తిరగడం ఆమె పని. చాటుగా అందరూ బ్రేకమ్మ అనేవాళ్ళు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. పెళ్ళి మాట ఎవరైనా కదిపితే, "పక్కన ఎవరు కూర్చున్నా నా కాలు బ్రేకు మీదకే పోతుంది, నాకెందుకండీ ఆ గొడవ" అని నవ్వేసేది. నలభై దాటాక ఒక ఫ్లాటు అద్దెకి తీసుకుని, తన మానాన తను బతుకుతోంది.

ఆ ఫ్లాటు తగలబడిన రోజు ఆమె ఒక బ్యాంకు ఉద్యోగికి కారు వెనక్కి పెట్టి పార్కు చేయడం నేర్పుతోంది. కింద అంతస్తాయన ఫోన్ చేశాడు.

"మీ ఇల్లు అంటుకుందండీ! ఫైరింజను వచ్చింది. త్వరగా రండి."

"సరేనండీ," అని ఫోను పెట్టేసి, బ్యాంకాయనతో, "స్టీరింగు పూర్తిగా ఎడమకి తిప్పండి. అద్దంలో చూడండి. ఇప్పుడు మెల్లగా," అంది. కారు రెండు గీతల మధ్యా సరిగ్గా నిలిచాక, ఇంజను ఆపించి, అప్పుడు దిగింది.

ఫ్రిజ్ వెనక వైరు కాలి మంట లేచిందట. మనుషులెవరికీ ఏమీ కాలేదు. వంటగదీ పడగ్గదీ మాత్రం మిగల్లేదు. బీరువాలో బట్టలన్నీ కరిగి, కాలి, ఒకే ముద్దయి నీళ్ళలో నానుతున్నాయి. ఆమె చెప్పు కొనతో ఆ ముద్దని ఒకసారి కదిపి చూసింది. తరవాత అక్కడున్న ఫైర్ మనిషిని, "తలుపు వేసెయ్యమంటారా?" అని అడిగింది. వెయ్యడానికి అక్కడ తలుపు లేదు. ఆయన తల గోక్కున్నాడు.

అన్నయ్య వచ్చి తన ఇంటికి తీసుకెళ్ళాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా, "ఏడవమ్మా, ఏడిస్తే గుండె తేలికవుతుంది," అన్నారు. ఆమె ప్రయత్నించింది కూడా. స్నానాల గదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు నిలబడింది. ఏమీ రాలేదు. నీళ్ళు వృథా అవుతున్నాయనిపించి కుళాయి కట్టేసి వచ్చేసింది. తింటోంది, నిద్రపోతోంది, వేళకి పనికి పోతోంది. చెయ్యి తిమ్మిరెక్కినప్పుడు గిల్లినా తెలీదు చూడండి, మనిషి మొత్తం అలా ఉంది.

కట్టుబట్టలతో మిగిలింది కాబట్టి తెలిసినవాళ్ళు తలో సంచీ ఇచ్చారు. ఒకరి ప్యాంటు, ఇంకొకరి చొక్కా, అన్నయ్య స్వెట్టరు. వదిన ఒడ్డూ పొడుగూ మనిషి. ఆవిడ చొక్కా వేసుకుంటే భుజం దగ్గర ఉండాల్సిన కుట్టు మోచేతి దాకా జారేది. ఆమె పట్టించుకోలేదు. ఆ బట్టల్లో ఎవరికీ కనబడనట్టుండేది. అది బాగానే ఉంది అనుకుంది.

అలా ఎన్నాళ్ళైనా గడిచేదే. ఒక పొద్దున డ్రైవింగ్ స్కూలు ముందు నిలబడి ఉంటే, ఎప్పటినించో తన దగ్గర నేర్చుకుంటున్న మందుల షాపావిడ వచ్చి, "ఏమండీ, మా టీచరుగారు ఇంకా రాలేదా?" అని ఆమెనే అడిగింది.

"వస్తారు. కూర్చోండి," అంది ఆమె. లోపలికెళ్ళి కారు తాళాలు తెచ్చుకుని వచ్చాక గానీ ఆవిడ నాలిక్కరుచుకోలేదు.

ఆ సాయంత్రం అన్నం దగ్గర ఈ సంగతి మామూలుగా చెప్పింది. అన్నయ్య పడీ పడీ నవ్వాడు. వదిన నవ్వలేదు. చేతిలో గరిటె గిన్నెలో పెట్టేసి, "రేపు నువ్వు సెలవు పెడుతున్నావు. నేనూ పెడుతున్నాను. ఎల్లుండి ఆదివారం బజారు, రేపంతా తయారవడం," అంది.

"బట్టలు కొనడానికి తయారవడం ఏంటి వదినా?"

"ఏమీ అనుకోకుండా పోతే ఏం జరుగుతుందో తెలుసా? మొదట చేతికందింది కొనుక్కుని వచ్చేస్తావు. ఇప్పుడు నువ్వున్న తీరుకి గోనెసంచీ ఇచ్చినా తొడుక్కుంటావు."

వదిన పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షనులో పనిచేస్తుంది. నోరు తెరవనివాళ్ళ చేత తెరిపించడమే తన ఉద్యోగం అని చెప్పుకుంటూ ఉంటుంది. మర్నాడు టేపు పట్టుకుని కూర్చుంది. ముందు కొలతలు తీసింది. నడుము దగ్గర టేపు చూసి, "నువ్వు చిక్కిపోయావే పిల్లా," అని మాత్రం అంది.

తరవాత భోజనాల బల్ల దగ్గరి కుర్చీ గది మధ్యకి లాగింది. "కూర్చో. కార్లో ఏం చేస్తావో అదంతా చేసి చూపించు."

ఆమె చూపించింది. కుడి చేత్తో గాల్లో స్టీరింగు సర్దింది. నడుం తిప్పి వెనక అద్దంలోకి చూసింది. కాలు బ్రేకు మీద పెట్టింది. బెల్టు లాగి పెట్టుకుంది. వదిన చుట్టూ తిరుగుతూ చూసింది. నడుం తిప్పినప్పుడు చొక్కా భుజాల దగ్గర పట్టేయకూడదు. ప్యాంటు అంచు పెడల్‌కి తగలకూడదు. బెల్టు మెడకి ఒరుసుకుంటుంది కాబట్టి కాలరు మెత్తగా ఉండాలి.

"సరే, ఇప్పుడు రంగులు. నీకే రంగిష్టం?"

"తెలీదు."

"ఎక్కువ ఏం వేసుకునేదానివి?"

ఆమె బీరువా గుర్తు తెచ్చుకోబోయింది. అరలు గుర్తొచ్చాయి, పైన పెట్టిన దుప్పట్లు గుర్తొచ్చాయి. బట్టలున్న చోట మాత్రం ఏమీ కనబడలేదు. అందుకు భయం వెయ్యాలేమో అనుకుంది. వెయ్యలేదు.

"పోనీలే," అంది వదిన. "నచ్చేది తెలీకపోతే నచ్చనివి తీసేద్దాం. మిగిలింది మనది."

ఆ మర్నాడు పొద్దున్నే, జనం రాకముందే బయల్దేరారు. వదిన కడుపు నిండా తినిపించింది. ఆకలి మీద బట్టలు చూస్తే ఏదో ఒకటి చాలనిపిస్తుందట. విప్పడానికీ తొడగడానికీ తేలిగ్గా ఉండేవే వేయించింది.

షాపు పెద్దదే. ఆమె మొదటి చొక్కా తొడుక్కుని, బట్టలు మార్చుకునే గదిలో ముక్కాలి పీట మీద కూర్చుని, గాల్లో స్టీరింగు తిప్పి, నడుం వెనక్కి మెలితిప్పింది. తెర సందులోంచి అది చూసిన సేల్స్ అమ్మాయి కంగారుగా వదిన దగ్గరికొచ్చి, "మేడమ్, ఆవిడకి ఒంట్లో బాగానే ఉందా?" అని గుసగుసలాడింది.

"బాగానే ఉందమ్మా. రివర్సు తీస్తోంది," అంది వదిన.

భుజాలు పట్టేసినవి పోయాయి. నిగనిగలాడేవి పోయాయి. ముదురు నీలం ప్యాంటు ఒకటి, బూడిద రంగుది ఒకటి పక్కన చేరాయి. వదిన "ఎలా ఉంది?" అని అడగడం మానేసి, "తీసేద్దామా, ఉంచుదామా?" అని అడిగింది. ఆమె కూరగాయలు ఏరినట్టు అటొకటి ఇటొకటి వేస్తూ పోయింది.

అలా చొక్కాల వరస దగ్గర నడుస్తూ ఒకచోట ఆగింది. ఆకుపచ్చ చొక్కా, రెండు జేబులు, చెక్క గుండీలు. చేతిలోకి తీసుకుంది. గుండీ మీద బొటనవేలితో రాసింది. మళ్ళీ తీసినచోటే తగిలించేసింది.

"బాగుంది కదా, ఎందుకు పెట్టేశావు?" అంది వదిన.

"ఇలాంటిది నాకుంది."

అనేశాక ఆ మాట ఆమెకే వినబడింది. చొక్కా హ్యాంగరుకి ఇంకా ఊగుతోంది.

"ఉండేది," అంది ఆమె.

వదిన ఆమె మోచెయ్యి పట్టుకుని, ఎంచిన బట్టలు కౌంటర్లో పెట్టించి, బయటికి తీసుకొచ్చింది. ఎదురుగా టీ కొట్టు ఉంది. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. ఏడుస్తుందేమోనని వదిన కొంగు చివర సిద్ధంగా పట్టుకుంది. ఆమె ఏడవలేదు. టీ చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకుని కూర్చుంది. గుర్తు రానివన్నీ ఆ చొక్కా వెనకే ఒక్కొక్కటీ వచ్చి నిలబడ్డాయి. చేతులు మడిచి వేసుకునే తెల్లది, జేబు చిరిగిన నల్లది, అన్నయ్య కొనిచ్చిన గళ్ళది. అన్నీ పోయాయని అప్పుడే, మొదటిసారిగా, తెలిసినట్టయింది. తెలిసినా లోపల పెద్దగా ఏమీ కదల్లేదు. ఎక్కడో కొంచెం నొప్పి పెట్టిందంతే.

"ఇంక పోదామా ఇంటికి?" అంది వదిన.

"ఇంకా చొక్కాలు తీసుకోలేదు కదా."

మళ్ళీ లోపలికెళ్ళారు. ఆకుపచ్చ దాని వైపు పోలేదు. ఇటుక రంగు చొక్కా ఒకటి, లేత పసుపుది ఒకటి, లోపల వేసుకునే తెల్ల బనీన్లు, ఒక పల్చటి స్కార్ఫు తీసుకున్నారు.

ఇంటికొచ్చి మంచం మీద అన్నీ పరిచారు. వదినకి అసలు సరదా అక్కడ మొదలైంది. ఇటుక రంగు చొక్కా గుండీలు విప్పి, తెల్ల బనీను మీద కోటులా వేయించింది. అదే చొక్కా గుండీలు పెట్టి, ముందువైపు మాత్రం నీలం ప్యాంటులోకి దోపించింది. పసుపుది బూడిద రంగు మీదకి పెట్టి, చేతులు మోచేతి కిందికి రెండు మడతలు మడిచింది. స్కార్ఫు మెడకి చుట్టి, కొసలు సీటు బెల్టుకి చిక్కకుండా లోపలికి దోపింది. ఆమె బట్టల షాపు బొమ్మలా చెప్పినట్టల్లా చేతులెత్తుతూ, తిరుగుతూ నిలబడింది.

"ఏమండీ, ఎలా ఉంది?" అని వదిన కేకేసింది.

"బ్రహ్మాండం," అన్నాడు అన్నయ్య పక్కగదిలోంచి.

"ముందు వచ్చి చూడండి!"

ఆయన వచ్చి చూశాడు. "మా చెల్లెలే," అన్నాడు, ఎవరికో చూపిస్తున్నట్టు.

సోమవారం నీలం ప్యాంటు, ఇటుక రంగు చొక్కా వేసుకుని పనికెళ్ళింది. మందుల షాపావిడ దూరంనించే "నమస్తే టీచర్!" అంది. ఆ రోజు ఆవిడ సిగ్నలు దగ్గర రెండుసార్లు ఇంజను ఆపేసింది. బ్రేకమ్మ విసుక్కోలేదు, మెచ్చుకోనూ లేదు. చొక్కా భుజాల దగ్గర పట్టెయ్యలేదని మాత్రం గమనించింది.

తరవాత ఆమె వేరే ఫ్లాటు చూసుకుంది. పొద్దున లేచి కాసేపు గోడకేసి చూస్తూ ఉండిపోయే రోజులు ఇంకా ఉన్నాయి. చలి మొదలయ్యాక ఒక ఆదివారం, ఎవరికీ చెప్పకుండా, ఒక్కతే ఆ షాపుకెళ్ళింది. కోట్లు చూసింది. నాలుగైదు తొడుక్కుంది. గోధుమ రంగుది ఒంటికి అతికినట్టు సరిపోయింది. సేల్స్ అమ్మాయి, "మీకోసమే కుట్టినట్టుంది మేడమ్," అంది.

ఆమె అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది.

"నాకు నచ్చలేదమ్మా," అంది.

ఆ మాట అనేసి తనే ఆశ్చర్యపోయింది. కోటు విప్పి జాగ్రత్తగా మడిచి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. ఖాళీ చేతులతో బయటికొచ్చి, చలికి చేతులు జేబుల్లో పెట్టుకుని, పక్క వీధిలో ఇంకో షాపు తెరిచి ఉందేమో చూద్దామని నడిచింది.