రత్నమ్మ చేనికి దారి

అది రెండువేల ఇరవై మూడవ సంవత్సరం. మడకశిర ప్రాంతంలో చెనిక్కాయ, అనగా వేరుశనగ, విత్తడానికి తగిన పదును కోసం రైతులు మబ్బుల వంక చూస్తున్న రోజులు. సబ్-రిజిస్ట్రారు కార్యాలయం ఎదుట రేకుల కొట్టులో దస్తావేజులు రాయడం నా వృత్తి. అప్పటికి ముప్పై ఏండ్లకు పైగా అదే నా జీవనం.

మా వృత్తిలో ఒక ఆచారం ఉంది. పత్రం సిద్ధమైన తరువాత, సంతకాలకు ముందు, లేఖరి దానిని ఆసాంతం బిగ్గరగా చదవాలి. పార్టీలు, అనగా పత్రంలో హక్కు ఉన్నవారు, సాక్షులతో కూర్చుని వినాలి. చివరన ‘చదివి వినిపించగా విని, సమ్మతించి చేసిన సంతకములు’ అనే వాక్యం తప్పక ఉంటుంది. బాల్యంలో కావ్యపాఠం చెప్పుకున్నవాడిని కనుక నా చదువు గంభీరంగా ఉంటుందని పేరు. ఆ పేరు నాకు ప్రియంగానే ఉండేది.

ఒక సోమవారం ఉదయం గంగాధరప్ప అనే రైతు తన చెల్లెలు రత్నమ్మతో వచ్చాడు. తండ్రి గతించిన పిమ్మట ఆరెకరాల మెట్టభూమిని ఇద్దరూ పంచుకుంటున్నారు. దానికి పార్టిషన్ డీడ్, అంటే భాగపరిష్కార పత్రం కావాలి. వివరాలన్నీ అన్న వారం క్రితమే చెప్పి పోయాడు. తూర్పున రోడ్డు వెంబడి మూడెకరాలు తనకు, పడమట మూడెకరాలు చెల్లెలికి. బోరు పడమటి భాగంలోనే ఉన్నందున ఆ పంపకం నాకు ధర్మంగానే తోచింది.

రత్నమ్మకు ముప్పై అయిదేండ్లు ఉండవచ్చు. చిన్నతనంలో వచ్చిన జ్వరంతో వినికిడి పోయింది, మాట కూడా రాలేదు. బధిరుల వసతి పాఠశాలలో పదవ తరగతి వరకు చదివి, మడకశిరలో రవికలు కుడుతూ బతుకుతోంది.

నేను కళ్లజోడు సవరించుకుని పత్రం చేతికి తీసుకోగానే గంగాధరప్ప నవ్వాడు.

“చదివేదెందుకు సామీ? దానికి ఇనపడదు. సంతకం మాత్రం మా అందరికంటే చక్కగా పెడతాది.”

నిజం ఒప్పుకోవాలి. అంతకుముందు ఎందరో వినికిడి లేనివారి విషయంలో నేను చదవడం మానివేసి, చివరి వాక్యాన్ని మాత్రం అలాగే ఉంచాను. ఆనాడూ కాగితాలను నేరుగా ఆమె ముందుకు తోశాను.

ఆమె సంతకం పెట్టలేదు. పుటలన్నీ ఓపికగా చదివింది. తరువాత తన సంచిలోనుంచి ఫోను తీసి బల్లపై నా ఎదుట నిలబెట్టి, తెరపై తెలుగులో టైపు చేసి చూపింది. “చదివితిని. నాకు అర్థం కాలేదు. మీరు చెప్పండి. మీ మాట దీంట్లో అక్షరాలయి పడుతుంది.”

మనిషి మాటను విని అప్పటికప్పుడు లిపిగా మార్చే యాప్ అది. నేను నమ్మీ నమ్మక, నా అలవాటు ప్రకారం గొంతు సవరించుకుని ఆరంభించాను. సమాసాల దగ్గర అక్కడక్కడ తడబడినా, నా వెనుకే అక్షరాలు పరుగెత్తాయి. ఒక పుట పూర్తయ్యేసరికి నాకు విస్మయం, లోలోపల కొంత గర్వం. ఆమె తల అడ్డంగా ఊపింది.

“ఇది కాగితంలో ఉండేదే కదా సామీ. మా ఊరి మాటల్లో చెప్పండి.”

చెవులున్న వేలమంది నా ఎదుట తల ఊపి సంతకాలు పెట్టి పోయారు. ఈ మాట ఒక్కరూ అనలేదు. సిగ్గుపడుతూ, పత్రాన్ని పక్కన పెట్టి, షెడ్యూల్ సంగతి విప్పి చెప్పాను. షెడ్యూల్ అంటే భూమి హద్దులు రాసే పట్టిక. నీ చేనికి తూర్పున అన్న చేను, తక్కిన మూడు దిక్కులా వేరేవాళ్ల పొలాలు అన్నాను. అక్షరాలు ఆగకముందే ఆమె టైపు చేసింది.

“నా చేనికి నేను యాడనుంచి పోవల్ల?”

పత్రాన్ని మళ్ళీ తిరగేశాను. వచ్చేపోయే దారి హక్కు పత్రంలో ఎక్కడా లేదు. ఇన్నేండ్ల అనుభవం ఉన్న నాకూ అది స్ఫురించలేదు.

గంగాధరప్ప అది పెద్ద విషయం కాదన్నట్లు చేయి విసిరాడు. గట్టు పక్కన ఏదో బాట ఉండాదిలే అన్నాడు. ఆమె వెంటనే భర్తకు వీడియో కాల్ చేసింది. అతనికీ వినపడదు. ఆ పడమటి చేనిలోనే గట్లు సరిచేస్తున్నాడట. ఇద్దరూ చేతులతో మాట్లాడుకున్నారు. చుట్టూ బస్సుల హారన్లు, జనం కేకలు. ఆ రొద మధ్య అంత స్పష్టంగా సంభాషించుకున్నవారు వారిద్దరే అనిపించింది. అతడు ఫోను పట్టుకుని చేను చుట్టూ తిరిగి చూపాడు. మూడువైపులా కంచెలు. మిగిలింది అన్న పొలమే. ఆమె కాల్ ముగించి, యాప్ తెరిచి ఫోనును మళ్ళీ బల్లపై నిలబెట్టింది.

గంగాధరప్ప ఫోను వద్దకు వంగి, ఊరంతా వినిపించేలా అన్నాడు. “నేను అడ్డమొస్తానా? నా చెల్లెలు గదా, పోతాది, వస్తాది.”

పక్క బల్ల మీది స్టాంపు వెండరు ఖాదర్ భాయ్ తల ఎత్తాడు. “ఏమప్పా, ఫోనుక్కూడా చెవుడా? అట్ల అరుస్తాండావు.”

ఆ పరిహాసమూ తెరపై పడింది. చదివి రత్నమ్మ మనసారా నవ్వింది. ఆపై నెమ్మదిగా టైపు చేసి, ఫోను అన్న వైపు తిప్పింది.

“నువ్వు అడ్డం రావు అన్నా. నీ తర్వాత వచ్చేవాళ్లతో కొట్లాడేకి నాకు గొంతు లేదు. కాగితానికి ఉంటాది.”

అతడు ఆ మాటను రెండుసార్లు చదివాడు. ఇంట్లో ఆమెతో అన్నానికి రమ్మని, నీళ్లు తెమ్మని సైగలే తప్ప ఇంత నిండైన వాక్యం తామిద్దరి మధ్య ఎన్నడూ నడవలేదని తరువాత నాతో అన్నాడు. అప్పుడు మాత్రం కండువాతో ముఖం తుడుచుకుని, “నా చేన్లో ఉత్తరం గట్టెంబడి ఎద్దులబండి పోయేంత దారి రాయి సామీ,” అన్నాడు. ఈసారి మెల్లగానే.

పత్రం మళ్ళీ రాశాను. కొత్త ప్రతిలో దారి హద్దులను ఆమె వేలితో తడుముతూ చదివింది. కలం అందుకుని, చివరి వాక్యం దగ్గర ఆగిపోయింది. ‘చదివి వినిపించగా విని’ అన్న చోట వేలు పెట్టి, మరొక చేత్తో ఫోనులో రాసింది.

“ఇది అబద్ధం. నేను వినలేదు. తెలుసుకున్నాను. అట్ల రాయండి.”

ఆ పుటను చించివేసి, ఆ చోట ‘తెలుసుకుని’ అని పెట్టి మరల ముద్రించాను. ఆమె సంతకం పెట్టింది. నాటినుండి నా కొట్టులో ఏ పత్రమైనా, ఎవరికైనా, మొదట ఊరి మాటల్లో చెబుతాను. అవసరమైనవారికి నా ఫోను కూడా బల్లపై నిలబెడతాను. చెప్పడం ముగిశాక, ‘తెలిసిందా’ అని అడగను. నీ చేనికి నువ్వు ఎక్కడినుంచి పోతావో చెప్పమంటాను.