తాళం పట్టుకున్నదెవరు?

కోర్టు నకళ్ల విభాగంలో ఇరవై రెండేళ్లు టైపు కొట్టి, టైపు మిషన్లు అటకెక్కాక నలభై అయిదో ఏట కంప్యూటరు నేర్చుకున్న మనిషి ఆవిడ. అంధుల బడిలో బ్రెయిలీ అచ్చువేసే గదికి మారినా పేరు మారలేదు. పిల్లలకూ పంతుళ్లకూ టైపు పిన్నే. ఇంట్లో మిక్సీ ఆగినా, ఆడపడుచు ఫోను మొరాయించినా, విప్పి చూడందే ఆవిడకు అన్నం సయించదు.

పాత బ్రెయిలీ ప్రింటరు చేతులెత్తేసిన మూడో రోజు ఉదయం కొత్తది వచ్చింది. పదకొండింటికి లెక్కల పరీక్ష. తొమ్మిదిన్నరకు పిన్ని లినక్స్ కంప్యూటరు ముందు కూర్చుని, ప్రింటరుకు కావలసిన సాఫ్ట్‌వేరు ఎక్కించబోతే అది ససేమిరా అంది. ప్యాకేజీ మేనేజరుకు, అంటే సాఫ్ట్‌వేర్లను ఎక్కించి దించే ప్రోగ్రాముకు, తాళం పడి ఉందట. 4127 నంబరు ప్రాసెస్, అంటే లోపల నడుస్తున్న ఇంకో పని, ఆ తాళం పట్టుక్కూర్చుందట.

పక్కనే లెక్కల మాస్టారికి కాలు నిలవడం లేదు. ఆయనకు చూపు లేదు. తెర మీది అక్షరాలను కంప్యూటరు చదివి వినిపిస్తే, ఆయనా దీని మీదే పని చేసుకుంటారు. తాళం ఫైలు చెరిపేస్తే సరిపోతుందని ఎక్కడో విన్నారట, అదే చెప్పారు.

“లోపల ఎవరైనా పనిలో ఉంటే?” అంది పిన్ని. “సగం ఎక్కినవి సగంలోనే ఆగిపోతాయి మాస్టారూ. ముందు ఎవరో చూద్దాం.”

ఆ నంబరు కూపీ లాగింది. నిన్న సాయంత్రం నాలుగుంపావుకు మొదలైన అప్‌డేట్ అది. పావుగంట పనికి పదిహేడు గంటలా? పిన్ని ఉత్సాహానికి పట్టపగ్గాల్లేకుండా పోయాయి. తెరిచి ఉన్న విండోలన్నీ ఒక్కొక్కటే తిప్పుతూ పోయింది. అన్నిటి వెనకా ఒక నల్ల విండో. అందులో ఒక ప్రశ్న: చదివి వినిపించే ప్రోగ్రాము సెట్టింగులు పాతవే ఉంచాలా, కొత్తవి పెట్టాలా? జవాబు కోసం అలాగే ఆగి ఉంది.

పిన్ని పైకి చదివింది. మాస్టారు తల గోక్కున్నారు.

“నేనేనమ్మా. అప్‌డేట్ పెట్టి, ఇయర్‌ఫోన్లు తీసేసి వెళ్లిపోయా. అది నన్నడిగిందని నాకెలా తెలుస్తుంది?”

పిన్నికి కోపం రాలేదు సరికదా, దొంగ దొరికినంత సంబరమైంది. ఆ సెట్టింగులు మాస్టారు తన చెవికి తగ్గట్టు నెలల తరబడి దిద్దుకున్నవి. పాతవే ఉంచనా అని అడిగి, ఆయన సరేననగానే మీట నొక్కింది. ఆగిన పని చకచకా కదిలింది. వరసలు తెర మీద పరుగులు తీశాయి. తాళం దానంతటదే ఊడింది.

ప్రింటరు సాఫ్ట్‌వేరు రెండు నిమిషాల్లో ఎక్కింది. టకటకమంటూ ప్రశ్నపత్రం మొదటి కాగితం బయటికొచ్చేసరికి పిన్ని కుర్చీలోంచి లేచి నిలబడింది. మాస్టారు వేళ్లతో తడిమి, చుక్కలు బాగా పడ్డాయన్నారు. అంతలోనే వేళ్లు ఆగాయి.

“మూడో లెక్కలో తప్పుందే.”

“అది మీరిచ్చిందే,” అంది పిన్ని.

ఆయన పకపకా నవ్వి సరైన అంకె చెప్పారు. పిన్ని దిద్ది, ప్రతులన్నీ తీసింది. పరీక్ష అయిదు నిమిషాలు ఆలస్యంగా మొదలైంది.