ఓడలో మూల గది

మా ఇంట్లో పుట్టినవాళ్లకి ఎదుటివాడు మరీ మర్యాదగా మాట్లాడితే భయం. మా నాన్నది గుంటూరులో మిరపకాయల కొట్టు, బాబాయిలవి బట్టల కొట్లు. “రండి బావగారూ, కొనకపోయినా పర్లేదు, కూర్చోండి” అని మావాళ్లు ఎవరికైనా కుర్చీ వేశారంటే, ఆ మనిషి వట్టి చేతులతో బయటికి వెళ్లడం నేను చూడలేదు. అందుకే మా ఊరి బ్రాడీపేటలో ఓడ టికెట్లు బుక్ చేసే ఆవిడ “రండన్నయ్యగారూ” అంటూ ఫ్యాను మా వైపు తిప్పగానే నేను కుర్చీ అంచున కూర్చున్నాను.

పిల్లల సెలవులకి చెన్నై నుంచి ఓడలో విహారయాత్రకి వెళ్దామనుకున్నాం. గది ఎంచుకోవాలి. పెద్దవాడితో పేచీ లేదు, కిటికీ ఉంటే చాలు. బెంగంతా నాలుగేళ్ల చిన్నదానితోనే. బస్సెక్కితే పక్కనే ఉన్న పొన్నూరు చేరేలోపు కక్కేస్తుంది. ఆ మధ్య ఒక పెళ్లికి తీసుకెళ్తే సెలైన్ పెట్టించి వెనక్కి తెచ్చుకున్నాం. మా ఆవిడ గుమ్మం దాటకముందే చెప్పింది: “ఓడలో దీనికి కడుపులో తిప్పకూడదు. నాకింకేం వద్దు.”

టికెట్లావిడ కంప్యూటర్ మా వైపు తిప్పింది. “చిన్నపిల్లలు కదండీ, కింది అంతస్తులో, ఓడకి నడిమధ్యన ఉన్న ఈ గది తీసుకోండి. ఊపు తక్కువ.”

తెల్లటి మంచం, దాని మీద హంసలా మడిచిన తువ్వాలు.

“ఈ ఫొటో ఈ గదిదేనా?”

“అలాంటి గదేనండి.”

అలాంటి! మిర్చి యార్డులో మేం బస్తా పైన కనిపించే కాయ చూసి కొనం. మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు కాయ లాగి చూస్తాం. కంప్యూటర్‌లో చెయ్యెక్కడ పెట్టను? పైగా కింది అంతస్తట. మా గోడౌన్‌లో అడుగు వరస బస్తాలకే చెమ్మ పడుతుంది. అమ్ముడుపోని గది మాకు అంటగడుతోందని తేల్చుకున్నాను.

ఓడ ప్లాను అడిగి తీసుకుని వేలు పెట్టి వెతికాను. పై అంతస్తులో ముందువైపు ఒక మూల గది. పక్కనే లిఫ్టు, ఎదురుగా భోజనాల హాలు.

“ఇది ఖాళీయేనా?”

“ఖాళీయేనండి. కానీ పిల్లలకి వద్దండి.”

అమ్మేవాళ్లు వద్దన్నారంటే ఎవరికో దాచిపెట్టారన్నమాట. మా నాన్న మంచి సరుకు అలాగే దాచేవాడు.

“ఎవరికైనా మాటిచ్చారా?”

“అయ్యో, లేదండీ! ముందువైపు ఊపెక్కువ. ఆ లిఫ్టు చప్పుడుకి పిల్లలు పడుకోరు.”

“మాకదే ఇవ్వండి.”

మా ఆవిడ ప్లాను లాక్కుంది. “ఏముందండీ ఇందులో అంత?”

“మూల గది. లిఫ్టు దిగినవాడూ, భోజనానికి పోయేవాడూ అందరూ మన గుమ్మం ముందు నుంచే పోవాలి.”

“పోతే?”

నేను వంగి ప్లానులో లిఫ్టు మీద మళ్లీ వేలు పెట్టాను.

“మనం పడుకోడానికి వెళ్తున్నామా, కొట్టు పెట్టడానికా? అక్కడ కూర్చుని ఏం అమ్ముతారు?”

టికెట్లావిడ నవ్వాపుకోలేక ఫోన్ చూసుకుంది. మా ఆవిడ ఆపలేదు. “బస్సులో దీన్ని ఎక్కడ కూర్చోబెడితే కాస్త నయం? చక్రాల మీద సీట్లోనా, మధ్యలోనా?”

“మధ్యలో.”

“మరి ఆవిడ చెప్పేదీ అదేగా!” అని చెప్పి నడిమధ్య గదే రాయించేసింది.

బేరం ఆడకుండా లేవడం మా వంశంలో లేదు. చిన్నది మంచం మీంచి పడకుండా అడ్డుకమ్మీ ఇప్పిస్తేనే ఒప్పుకుంటానని భీష్మించాను. కాసేపు సాగదీసి సాధించాను కూడా. మెట్లు దిగుతూ మా ఆవిడ చెప్పింది, అది పిల్లలున్న గదులన్నింటికీ మామూలుగానే ఇస్తారని గోడ మీద రాసుందట.

ఓడ రేవు దాటేసరికి మధ్యాహ్న భోజనం వేళయింది. పెరుగన్నం గదికే తెచ్చుకున్నాం. కాళ్ల కింద నేల ఒకసారి మెల్లగా లేచి దిగింది. పొంగబోయే పాలగిన్నెను చూసినట్టు మేమిద్దరం చిన్నదాని మొహమే చూస్తున్నాం. మా ఆవిడ చేతిలో కవరు సిద్ధంగా ఉంది. చిన్నది ఒక ముద్ద మింగింది. మళ్లీ నోరు తెరిచింది. మా ఆవిడ కవరు దాని గడ్డం కిందకి చాపింది.

“ఇంకా పెట్టమ్మా,” అంది.

గిన్నె ఖాళీ చేసి, వాళ్లన్నయ్య పక్కన కిటికీ దగ్గర చేరింది. మా ఆవిడ కవరు మడిచి పక్కన పెట్టి నా వైపు చూసింది. “ఇప్పుడేమంటారు?”

“తిరుగు ప్రయాణం కూడా కానివ్వు, అప్పుడు చెప్తా,” అన్నాను.