నాంచారయ్య బాబాయ్ నోట్లో బ్రిడ్జి

2003లో నేను తెనాలిలో ఒక పళ్ళ డాక్టరమ్మగారి దగ్గర అసిస్టెంటుగా చేస్తున్నాను. అసిస్టెంటు అంటే పెద్దగా ఊహించుకోకండి. ఆవిడ పళ్ళు చూస్తారు, పళ్ళు చూపించడానికి భయపడేవాళ్ళని నేను చూస్తాను. ఎనిమిదో తరగతిలో నేనూ బడీ ఒకరినొకరం వదిలేసుకున్నాం. ఆ తర్వాత నేర్చుకున్నదంతా జనం నా ముందు నోరు తెరిచాకే. గురువారాలు మాత్రం ఇద్దరం పాసింజరు రైల్లో రేపల్లె వెళ్ళేవాళ్ళం. స్టేషను దగ్గర అద్దె గదిలో సాయంత్రం దాకా క్లినిక్కు.

నాంచారయ్య అక్కడికే వచ్చాడు. నిజాంపట్నం రేవులో వలలు బాగుచేసే మనిషి, యాభై దాటి ఉంటాయి. బోటు మీద వల లాగే వించి మిషను హ్యాండిలు వెనక్కి తిరిగి మూతికి తగిలింది. పై వరసలో ముందు పన్ను ఒకటి పోయింది. తీసి పెట్టుకునే పన్ను అయితే పని సులువు అని డాక్టరమ్మగారు అన్నారో లేదో, ఒంటికాలి మీద లేచాడు.

"వద్దమ్మా! మా బావమరిదికి అట్టాంటిదే పెట్టారు. బోటు అంచున నిలబడి తుమ్మాడు. పన్నెళ్ళి సముద్రంలో పడింది. ఇప్పటికీ రేవులో ఆడు కనపడితే చాలు, తుమ్మరా అంటారు. నాకు కదలంది కావాలి."

కదలనిదే బ్రిడ్జి. పోయిన పన్నుకు అటూ ఇటూ ఉన్న పళ్ళని కాస్త అరగదీసి, వాటి మీద క్రౌన్లు, అంటే టోపీల్లాంటివి, తొడుగుతారు. ఆ రెండిటి మధ్యా ఉత్తుత్తి పన్ను వేలాడుతుంది. మూడూ కలిపి ఒకటే ముక్క, సిమెంటుతో అతికిస్తారు. మధ్య పన్నును పాంటిక్ అంటాం. దానికి వేరుండదు. పెళ్ళిలో పెద్దమనిషిలాగా ఊరికే చిగురుకి ఆనుకుని నిలబడుతుంది. బరువు మోసేదంతా పక్కవాళ్ళే.

పాంటిక్ కింద రోజూ ఫ్లాస్ అనే మెత్తటి దారంతో శుభ్రం చేసుకోవాలనీ, ముందు పళ్ళతో గట్టివి కొరకొద్దనీ, ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకోవాలనీ డాక్టరమ్మగారు చెప్పారు. ప్రతిదానికీ "అట్టాగేనమ్మా" అన్నాడు. ఇంత తొందరగా ఒప్పుకునేవాళ్ళని నేను ఎప్పుడూ అనుమానంగానే చూస్తాను.

మళ్ళీ కనపడింది 2005లో. అదీ తనంతట తాను రాలేదు, భార్య తిరుపతమ్మ లాక్కొచ్చింది.

"నొప్పేమన్నా ఉందా?" అన్నారు డాక్టరమ్మగారు.

"లేదమ్మా, బ్రిడ్జి రాయిలాగుంది. ఈవిడకే ఏదో వాసనంట."

"నేను ఎండుచేపల మధ్య పుట్టి పెరిగినదాన్ని డాక్టరమ్మా," అంది తిరుపతమ్మ. "నాకే వాసనొచ్చిందంటే మీరే ఆలోచించుకోండి!"

డాక్టరమ్మగారు బ్రిడ్జిని వేలితో పైకి నొక్కారు. ఒక క్రౌన్ అంచున ఉమ్మి సన్నగా బుడగలు కట్టింది. నా నవ్వు ఆగిపోయింది. ఆ బుడగలంటే లోపల సిమెంటు విడిపోయిందని అర్థం. ఒక పక్క ఊడినా రెండో పక్క పట్టుకుని ఉంటుంది కాబట్టి మనిషికి బ్రిడ్జి గట్టిగానే ఉన్నట్టుంటుంది. ఊడిన పక్క ఉమ్మీ, తిండీ దూరి, టోపీ కింద పన్ను చప్పుడు లేకుండా పుచ్చిపోతుంది.

"ముందు పళ్ళతో గట్టివి కొరుకుతున్నారా?"

"అమ్మతోడమ్మా, చెరుకు గూడా ముట్టలేదు."

నేను ఆయన మెడకు కట్టిన గుడ్డ విప్పుతున్నాను. నా చొక్కా చేతి అంచున దారం పోగు ఒకటి వేలాడుతోంది. బాబాయ్ చటుక్కున నా చెయ్యి పట్టి నోటి దగ్గరకు లాక్కుని, ముందు పళ్ళతో దాన్ని పుటుక్కున తెంపేశాడు.

నేను ఆ చొక్కా అంచుని ఆయన కళ్ళ ముందు పెట్టాను.

"బాబాయ్, ఇప్పుడేం చేశావ్?"

"ఏం చేశాను? దారం వేలాడుతుంటే చూడలేను."

"రేవులో కూడా ఇట్టాగే తెంపుతావా?"

"మరి? ఒక చేతిలో వల, ఒక చేతిలో సూది. తెంపడానికి మూడో చెయ్యి మీ డాక్టరమ్మ పెడతారా? ఆవిడ అడిగింది తినేవాటి గురించే గదరా. నైలాన్ దారం నేను తింటానా?"

పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా ముడి ముడికీ ఒక తెంపు. ఏ సిమెంటు ఆగుతుంది?

డాక్టరమ్మగారు బ్రిడ్జి తీసి చూశారు. "ఈ పన్ను ఈసారికి దక్కుతుంది. ఇంకోసారి పుచ్చిందంటే పీకెయ్యాల్సిందే. ఆ పక్క ఆధారం పోతే ఈ బ్రిడ్జి నిలవదు. మీకూ మీ బావమరిది పన్నే గతి."

బాబాయ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. పుచ్చు తీసి, పన్ను బాగుచేసి, ల్యాబు నుంచి కొత్త బ్రిడ్జి వచ్చాక అతికించారు. దారం తెంపడం మాన్పించే పని మాత్రం నాకు అప్పజెప్పారు.

మానెయ్ అంటే మానడని నాకు తెలుసు. చెయ్యి అలవాటు మాట వింటుంది గానీ, నోటి అలవాటు వినదు. బయట ఫ్యాన్సీ షాపులో గోళ్ళు కత్తిరించే నెయిల్ కట్టర్ తెచ్చి, తాడు కట్టి ఆయన మెడలో వేశాను. "నువ్వడిగిన మూడో చెయ్యి ఇదే బాబాయ్." నైలాన్ దారాన్ని అది వెన్నలాగా కోస్తుంది. నాంచారయ్యకి పతకం ఇచ్చారని రేవంతా ఏడిపించారట. తెంపడానికి తల వంచితే చాలు, తిరుపతమ్మ పక్కనుంచి "ఏమయ్యో, తుమ్మొస్తోందా?" అనేదట.

ఫ్లాస్ విషయంలో నేను నేర్పాల్సిందేమీ లేదనుకున్నాను. ప్లాస్టిక్ సూదిలో దారం ఎక్కించి పాంటిక్ కింద నుంచి దూర్చాలి. వలలో సూది తిప్పే మనిషి, మొదటిసారికే దూర్చేశాడు. కొన్ని వారాలకి చిగురు కోసుకుపోయి, నెత్తురు కారుతూ వచ్చాడు.

"ఏం వాడావ్ బాబాయ్?"

"మీ దారం అయిపోయింది. వల దారం వేశా. చేపలే తెంపుకోలేవు, పాచి ఎంతరా?"

డాక్టరమ్మగారు కళ్ళు మూసుకున్నారు. ఫ్లాస్ మెత్తన, చిగురుని తుడుస్తుంది. నైలాన్ దారం రంపంలాగా కోస్తుంది. తిడితే ఉపయోగం లేదు, ఫ్లాస్ నిజాంపట్నంలో దొరకదు. అప్పటి నుంచి రేపల్లె గదిలో ఆయన కోసం ఫ్లాస్ డబ్బాలు పెట్టేవాణ్ణి. సరుకు కొనడానికి వచ్చినప్పుడల్లా తీసుకెళ్ళేవాడు. ఆర్నెల్లకోసారి కుర్చీలో కూర్చోబెట్టకుండా మాత్రం వదల్లేదు.

2009లో బాపట్లలో ఒక హాల్లో క్యాంపు పెట్టాం. వేటపాలెం జీడిపప్పు కార్ఖానాల నుంచి కూడా ఆడవాళ్ళు చాలామంది వచ్చారు. బ్రిడ్జి మాటెత్తగానే ఒకావిడ, "ఎన్నాళ్ళుంటుందండి? ఊడితే పక్క పళ్ళు కూడా పోతాయంటగా?" అంది. డాక్టరమ్మగారు నా వైపు చూశారు. ఆవేళ పరీక్షకు రమ్మన్న నాంచారయ్య బాబాయ్‌ని నేను ముందుకు తీసుకొచ్చాను. అంతకుముందే ఎక్స్‌రే తీశాం, ఆధారం పళ్ళు రెండూ శుభ్రంగా ఉన్నాయి. డాక్టరమ్మగారు అందరి ముందూ బ్రిడ్జిని గట్టిగా నొక్కారు. ఒక్క బుడగ లేదు.

"సొంత పన్నులాగే ఉందా బాబాయ్?" అంది ఆ వేటపాలెం ఆవిడ.

"సొంత పళ్ళని నేనెప్పుడు చూసుకున్నానమ్మా! దీన్ని చూసుకోబట్టే అవి కూడా బాగుపడ్డాయి."

డాక్టరమ్మగారు మెచ్చుకోవడం అరుదు. ఆవిడ నా వైపు తిరిగి, "ఇది నీ కేసు" అన్నారు. ఎనిమిదో తరగతి పాసై ఉంటే అంత గర్వం వచ్చేదో లేదో నాకు తెలియదు.

బ్రిడ్జి అతికించేది డాక్టరే అయినా, దాన్ని నిలబెట్టేదీ ఊడగొట్టేదీ ఆ మనిషి రోజూ చేసే పని. ఏం తింటావని అడిగితే సగమే తెలుస్తుంది. అందుకే ఆ రోజు మైకు తీసుకుని నేనే అడిగాను: "చేతులు ఖాళీ లేనప్పుడు పళ్ళతో ఏం పట్టుకుంటారు, ఏం తెంపుతారు, ఏం పగలగొడతారు? నిజం చెప్పండి!"

సగం హాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.